అత్తవారిల్లు అమెరికా: వీసా రూలా, ఇంటి రూలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లోంచి ఆరు తీసుకున్నాను. ఈ శీర్షిక కొత్తగా చదువుతున్నవాళ్లకి ఒక మాట: నేను లాయర్ని కాదు. డాలస్ పక్కన ప్లేనోలో ఆడవాళ్లకి కారు డ్రైవింగ్ నేర్పుతాను. మాది తెనాలి. నేనూ పెళ్లి చేసుకుని హెచ్4 వీసా మీదే వచ్చాను (హెచ్1బి మీద ఉద్యోగం చేసేవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా అది), గ్రీన్‌కార్డు చేతికొచ్చాకే ఈ పని మొదలుపెట్టాను. నా దగ్గర నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది కొత్త పెళ్లికూతుళ్లు. స్టీరింగ్ పట్టుకున్న మనిషి చూపు రోడ్డు మీద ఉంటుంది, పక్కవాళ్ల మొహం చూడనక్కర్లేదు. అందుకేనేమో, కన్నతల్లికి చెప్పనివి కూడా నాకు చెబుతుంటారు. చట్టం సంగతులు మాత్రం ఇమిగ్రేషన్ లాయరైన నా స్నేహితురాలికి చూపించాకే అచ్చుకి ఇస్తాను.

"మా వారిది హెచ్1బి, నాది హెచ్4. పెళ్లయి ఏడాదిన్నర. ఆయన మంచివారే, తాగరు, కొట్టరు. కానీ నా పాస్‌పోర్టు ఆయన ఆఫీసు బ్యాగులో ఉంటుంది. బ్యాంకు ఖాతా ఆయన ఒక్కరి పేరు మీదే. 'నీకు ఎస్‌ఎస్‌ఎన్ లేదు, కాబట్టి బ్యాంకులో పేరు పెట్టరు, లైసెన్సూ ఇవ్వరు, హెచ్4 రూల్స్ అంతే' అంటారు. ఇండియన్ స్టోర్‌కి వెళ్లాలన్నా శనివారం దాకా ఆగాలి. వాకింగ్‌కి వెళ్తే ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉండాలి. అమ్మకి చెబితే 'అంత మంచి మొగుడికి వంకలు పెడతావేంటే' అంది. ఇదంతా మామూలేనా అండీ?"
— పేరు వద్దు, ఫ్రిస్కో, టెక్సాస్

మామూలే అనడానికి నోరు రావడం లేదమ్మా, అరుదు అనడానికీ లేదు. మీ ఉత్తరంలో నేను ఆగిపోయిన చోటు 'హెచ్4 రూల్స్ అంతే' అన్న మాట దగ్గర. అది నా కారులో తరచూ వినిపించే మాట. అందుకని ముందు ఏవి నిజంగా వీసా రూల్సో చెబుతాను. వర్క్ పర్మిట్ లేకుండా మీరు ఉద్యోగం చేయకూడదు. పర్మిట్ లేదు కాబట్టి ఎస్‌ఎస్‌ఎన్, అంటే సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు. ఆయనకి హెచ్1బి ఉన్నన్నాళ్లు, మీరు ఆయన భార్యగా ఉన్నన్నాళ్లే మీ హెచ్4 నిలుస్తుంది. అమెరికా ప్రభుత్వం మీ మీద పెట్టిన బరువులు ప్రధానంగా ఇవి. ఇవే తక్కువేం కాదు. మీరు రాసిన మిగతావన్నీ మీ ఇంటి రూల్స్.

నాకు బాగా తెలిసిన లైసెన్సుతో మొదలుపెడతాను. టెక్సాస్‌లో ఎస్‌ఎస్‌ఎన్ లేకపోయినా లైసెన్సు ఇస్తారు. లైసెన్సులిచ్చే డీపీఎస్ ఆఫీసులో 'నాకు ఆ నంబరు లేదు' అని ఒక ఫారం మీద రాసి సంతకం పెడితే చాలు. పాస్‌పోర్టు, వీసా, ఐ-94 (మీరు దేశంలోకి వచ్చినప్పటి రికార్డు) చూపించాలి. మీ హెచ్4 గడువు ఎంతవరకుందో లైసెన్సు గడువు కూడా అంతవరకే ఇస్తారు, కార్డు మీద 'లిమిటెడ్ టర్మ్' అని ఉంటుంది. రాతపరీక్షలో 30 ప్రశ్నలు, 21 సరిగ్గా రాస్తే పాస్. మీ వయసు 25 లోపు అయితే ఆరు గంటల క్లాసు తప్పనిసరి, ఆపైన అయితే అక్కర్లేదు. రోడ్డు పరీక్షకి ముందు 'ఇంపాక్ట్ టెక్సాస్' వీడియో చూసి సర్టిఫికెట్ తీసుకెళ్లాలి.

మన అమ్మాయిలు ఆగిపోయేది పరీక్ష దగ్గర కాదు, చిరునామా రుజువు దగ్గర. టెక్సాస్‌లో నివసిస్తున్నట్టు రెండు కాగితాలు అడుగుతారు. కరెంటు బిల్లు ఆయన పేరు మీద, ఇంటర్నెట్ ఆయన పేరు మీద, అపార్ట్‌మెంట్ లీజు ఆయన పేరు మీద. ఈ దేశంలో ఆ ఇంట్లో మీరున్నారని చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు. ఒకే ఇంట్లో ఉండే కుటుంబసభ్యులు సంతకం చేసి ఇచ్చే ఫారం ఒకటుంది కానీ, ఆ సంతకం కోసం మళ్లీ ఆయన్నే అడగాలి. కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని లీజింగ్ ఆఫీసుకి నడిచి వెళ్లి లీజులో మీ పేరు ఉందా అని అడగడం. లేకపోతే చేర్చడానికి ఏం కావాలో కనుక్కోండి.

బ్యాంకు సంగతి. ఆన్‌లైన్‌లో ఖాతా తెరవబోతే ఎస్‌ఎస్‌ఎన్ దగ్గర ఆగిపోతుంది నిజమే. బ్రాంచికి స్వయంగా వెళ్లి పాస్‌పోర్టు, చిరునామా రుజువు చూపిస్తే ఆ నంబరు లేకుండానే తెరిచే బ్యాంకులున్నాయి. ఒక చోట కాదంటే రోడ్డు దాటి ఇంకో చోట అడగండి. మీవారు మీ ఇద్దరి పేరా జాయింట్ టాక్స్ రిటర్న్ వేస్తుంటే మీకు ఐటిన్ అనే పన్ను నంబరు తీసుకునే ఉంటారు. బ్యాంకులో అదీ పనికొస్తుంది. అన్నట్టు ఆ రిటర్న్ మీద మీ సంతకం కూడా ఉండాలి, అందులో తప్పుంటే బాధ్యత మీదీ అవుతుంది. ఏప్రిల్ వస్తే 'ఇక్కడ సంతకం పెట్టు' అంటారు, పై పేజీ చూపించరు. కాపీ అడగండి. జీతం ఎంతో అందులోనే ఉంటుంది. ఇంకోటి, టెక్సాస్ కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రం. పెళ్లయ్యాక సంపాదించింది ఎవరి ఖాతాలో పడినా మామూలుగా ఇద్దరిదీ అని ఇక్కడి చట్టం లెక్క. 'నా జీతం, నా ఖాతా' అన్నది టెక్సాస్ రూలు కూడా కాదు!

పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి. అది భారత ప్రభుత్వం మీకిచ్చిన పత్రం, దాన్ని ఆఫీసుకి తీసుకెళ్లి మోయాల్సిన అవసరం ఆయనకి ఏముందో నాకు అర్థం కాలేదు. చేతికొచ్చేలోపు ఒక పని చేయండి. పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, వీసా పేజీ, హెచ్4 అప్రూవల్ నోటీసు ఐ-797 ఉంటే అది, పెళ్లి సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ కార్డు ఫోటోలు తీసి, మీకు మాత్రమే పాస్‌వర్డ్ తెలిసిన ఈమెయిల్‌లో పెట్టుకోండి. ఐ-94 కోసం ఎవర్నీ అడగనక్కర్లేదు. కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వెబ్‌సైట్‌లో పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు కొడితే వచ్చేస్తుంది.

లొకేషన్ విషయంలో నేనొకటే అడుగుతాను. ఆయన ఎక్కడున్నారో మీ ఫోన్‌లో మీకు కనిపిస్తుందా? కనిపిస్తే అదొక కుటుంబ అలవాటు, నచ్చకపోతే మాట్లాడి మానేయొచ్చు. కనిపించకపోతే అది కాపలా.

ఇవన్నీ ఒకేసారి దండకంలా ఆయన ముందు చదవకండి. లీజులో పేరు ఒక్కటే అడగండి ముందు. 'అవునా, ఇవ్వరనుకున్నానే, రేపు వెళ్దాం పద' అన్నారంటే ఆయనకి నిజంగా తెలియదన్నమాట. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఎవరో సీనియర్ చెప్పింది పట్టుకుని ఉంటారు, అలాంటివాళ్లూ బోలెడుమంది. 'ఇప్పుడెందుకు' అని ప్రతిసారీ వాయిదా వేస్తుంటే మాత్రం ఆయనకి రూల్స్ బాగానే తెలుసు. అప్పుడు మీరు ఒంటరిగా ఆలోచించొద్దు. డాలస్ ప్రాంతంలో దక్షిణాసియా స్త్రీల కోసం పనిచేసే చేత్నా అనే సంస్థ ఉంది. దేశమంతటికీ ఉన్న గృహహింస హాట్‌లైన్ 1-800-799-7233, దుభాషిని పెట్టి మాట్లాడిస్తారు. దెబ్బలు తిన్నవాళ్లే చేయాలని ఏమీ లేదు. మీ అమ్మగారు 'తాగడు, కొట్టడు' దగ్గరే లెక్క ఆపేశారు. ఆవిడ కాలంలో అదే పెద్ద లెక్క. మీరు అక్కడ ఆగనక్కర్లేదు.

"మా పక్క అపార్ట్‌మెంట్‌లో కొత్తగా పెళ్లయిన తెలుగు జంట. రాత్రుళ్లు అరుపులు, గోడకి ఏదో కొట్టుకున్న చప్పుడు. లాండ్రీ రూమ్‌లో ఆ అమ్మాయి చేతి మీద కమిలిన మచ్చ చూశాను, చున్నీతో కప్పుకుంది. 911కి చేద్దామంటే మా వారు 'అతని వీసా పోతుంది, దాంతో ఆమెదీ పోతుంది, మనవల్ల కాపురం కూలుతుంది' అంటున్నారు."
— ఎడిసన్, న్యూజెర్సీ

అరుపులు వినిపిస్తున్న రాత్రి అయితే వీసా గురించి ఆలోచించకండి, 911కి చేయండి. గాయం కనిపించి, కొట్టాడనడానికి నమ్మదగ్గ ఆధారం ఉంటే న్యూజెర్సీలో పోలీసులు అరెస్టు చేసి తీరాలి. ఫోన్‌లోనే 'ఆమెకి తెలుగు దుభాషి కావాలి' అని చెప్పండి. ఇది చిన్న విషయం కాదు. పోలీసులు తలుపు కొట్టగానే ఇంగ్లీషు ధారాళంగా వచ్చిన భర్త ముందుకొచ్చి 'నథింగ్ ఆఫీసర్' అంటాడు, వెనక ఏడుస్తున్న పిల్లకి ఒక్క ముక్క పెగలదు. ఆమె మాట అతను తర్జుమా చేసే పరిస్థితి రాకూడదు.

మీవారి భయంలో నిజం లేదనను. గృహహింస కేసులో శిక్షపడితే హెచ్1బి మీద ఉన్న మనిషిని దేశం నుంచి పంపించే వీలు చట్టంలో ఉంది. అరెస్టుతోనే స్టాంపింగ్, అంటే పాస్‌పోర్టులో వేసిన వీసా, రద్దు చేసిన సందర్భాలూ ఉన్నాయి. అతనికి రాబోయేది అతను చేసిన పనికి. ఆమె గతేంటి అన్నది మాత్రం సరైన ప్రశ్నే, చట్టం రాసినవాళ్లకీ అది తట్టింది. భర్త సిటిజనో గ్రీన్‌కార్డుదారో అయితే, 1994లో వచ్చిన వావా (స్త్రీలపై హింసని అరికట్టే) చట్టం కింద అతనికి చెప్పకుండా ఆమే సొంతంగా గ్రీన్‌కార్డు దారిలో ఐ-360 అనే అర్జీ వేసుకోవచ్చు. భర్త హెచ్1బి అయితే ఆ దారి లేదు కానీ, హింసకి గురైన హెచ్4 భార్యలు ఐ-765వి అనే ఫారంతో వర్క్ పర్మిట్ అడగొచ్చు. ఈ వెసులుబాటు 'వావా 2005' అనే సవరణతో వచ్చింది. అది పనికి అనుమతి ఇస్తుందే తప్ప దేశంలో ఉండే హక్కుని విడిగా ఇవ్వదు, అందుకే లాయర్లు దానితోపాటు యు వీసా కూడా చూస్తారు. పోలీసులకో ప్రాసిక్యూటర్‌కో సహకరించిన బాధితులకి ఇచ్చేది అది. ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు కాబట్టి ఏళ్ల తరబడి క్యూ ఉంటుంది, అయినా అర్జీ వేసి ఉండటం వేరు, ఏమీ లేకపోవడం వేరు. ఇలాంటి అర్జీల సంగతి భర్తకి చెప్పకూడదని ఇమిగ్రేషన్ శాఖకి చట్టమే అడ్డుకట్ట వేసింది.

మామూలు రోజుల్లో మళ్లీ లాండ్రీ రూమ్‌లో కనిపిస్తే, మచ్చ గురించి అడగొద్దు. 'మా ఇంటి తలుపు ఎప్పుడు కొట్టినా తీస్తాను' అనండి. మీ రాష్ట్రంలోనే 1985 నుంచి మానవి అనే సంస్థ దక్షిణాసియా స్త్రీల కోసం పనిచేస్తోంది. ఆ నంబరు ఆమె ఫోన్‌లో వేరే పేరుతో దాచమనండి. నా దగ్గర నేర్చుకున్న ఒకమ్మాయి 'ఐబ్రోస్ పార్లర్' అని పెట్టుకుంది. ఆమె ఎప్పుడు బయటికొస్తుందో, అసలు వస్తుందో లేదో మీ చేతిలో లేదు. తొందరపెట్టకండి.

"మా అమ్మాయి ఎంటెక్. అబ్బాయి షికాగోలో హెచ్1బి. మూడు వారాల సెలవు మీద వచ్చి మాఘమాసంలో పెళ్లి చేసుకుని వెళ్తాడట. 'అమ్మాయి వెళ్లగానే ఉద్యోగం చేసుకోవచ్చు' అన్నారు. కట్నం మాట ఎత్తలేదు గానీ, 'అబ్బాయి ఇల్లు కొంటున్నాడు, డౌన్‌ పేమెంట్ మీరు చూసుకోండి' అన్నారు. ఏమేం అడగాలి? గుచ్చి గుచ్చి అడిగితే సంబంధం తప్పిపోతుందని ఇంట్లో భయపడుతున్నారు."
— ఒక తండ్రి, జగిత్యాల

అయ్యా, కట్నం మాట ఎత్తారు. డౌన్‌ పేమెంట్ అంటే అదే. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే. అది మీకూ తెలుసు, వాళ్లకీ తెలుసు. అందుకే నేను చట్టం దగ్గర ఆగకుండా ఇంకోటి అడుగుతాను: ఆ ఇంటి డీడ్‌లో, అంటే యాజమాన్య పత్రంలో, మీ అమ్మాయి పేరు ఉంటుందా? ఈ ప్రశ్న వేసి చూడండి. ఆ తర్వాతి నిశ్శబ్దంలో మీకు కావాల్సిన సమాచారం చాలా ఉంటుంది.

ఇక ఉద్యోగం. 'వెళ్లగానే చేసుకోవచ్చు' అన్నది అందరి విషయంలో నిజం కాదు. 2015 మే 26 నుంచి హెచ్4 భార్యలకి వర్క్ పర్మిట్ ఇస్తున్నారు, కానీ అబ్బాయి గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 అనే మెట్టు ఆమోదం పొంది ఉండాలి, లేదా ఆ గ్రీన్‌కార్డు ప్రక్రియ పుణ్యాన అతని హెచ్1బి ఆరేళ్ల మామూలు గడువు దాటి పొడిగించి ఉండాలి. కాబట్టి అడగాల్సింది 'జీతమెంత' కాదు, 'ఐ-140 అయిందా' అని. అయితే కాగితం చూపించమనండి. అతనికి హెచ్1బి ఎన్నో ఏడో కనుక్కోండి. ఐ-140 లేకుండా అయిదో ఏడు నడుస్తుంటే, పెళ్లయిన కొన్నాళ్లకే ఇద్దరూ శంషాబాద్‌లో దిగే అవకాశం ఉంది. దిగడం తప్పేం కాదు, ముందు తెలిసి ఉండటం మంచిది. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి 60 రోజుల వరకే గడువు. వీసా ఇంటర్వ్యూ సంగతి కూడా ముందే అనుకోండి. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్1బి, హెచ్4 వాళ్ల సోషల్ మీడియా ఖాతాలు కూడా పరిశీలిస్తున్నారు, అప్పట్లో చాలామంది అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగాయి. పెళ్లయిన వారానికే నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో స్టాంపింగ్ అయిపోతుందని ఎవరన్నా అంటే నమ్మకండి. అబ్బాయికీ కొత్త స్టాంపింగ్ అవసరమైతే ఆ మూడు వారాల సెలవు చాలకపోవచ్చు.

అబ్బాయికి అక్కడ ముందే పెళ్లయిందా అన్నది అడగడానికి మొహమాటపడతారు. అమెరికాలో పెళ్లిళ్లు, విడాకులు కౌంటీ కోర్టు, క్లర్కు ఆఫీసుల్లో నమోదవుతాయి, చాలాచోట్ల పేరుతో వెతకొచ్చు. అక్కడున్న మీ బంధువు ఎవరైనా ఒక సాయంత్రం కూర్చుంటే తేలిపోతుంది. జాతకాలు చూపించడానికి పడే శ్రమలో ఇది సగం కూడా కాదు.

పెళ్లి తప్పనిసరిగా రిజిస్టర్ చేయించి, సర్టిఫికెట్ ఒకటి మీ దగ్గర పెట్టుకోండి. పెట్టిన బంగారం, సామాను జాబితా రాసి రెండు వైపులా సంతకాలు తీసుకోండి. 1985 నాటి నిబంధనలు ఉన్నదే అందుకు, వాడేవాళ్లే లేరు. 'అమెరికా తీసుకెళ్లడం దేనికి, మా లాకర్లో పెడతాం' అని అత్తగారు అంటే, చాలా మర్యాదగా, మీ అమ్మాయి పేరు మీదే లాకర్ తీసి అందులో పెట్టండి. నాకు వచ్చే ఉత్తరాల్లో అత్తగారి లాకర్లో చిక్కుకున్న నగలతో ఒక బంగారం కొట్టు పెట్టొచ్చు.

సంబంధం తప్పిపోతుందని భయం అన్నారు. ఈ ప్రశ్నలకి తప్పిపోయే సంబంధమైతే జగిత్యాలలోనే తప్పిపోనివ్వండి, షికాగో దాకా వెళ్లాక ఎందుకు. మీ ఉత్తరం మొత్తంలో అమ్మాయి ఏమంటోందో మాత్రం రాయలేదు. ఎంటెక్ చదివిన పిల్ల కదా, పై ప్రశ్నలన్నీ తననే అడగనివ్వండి, అబ్బాయితో నేరుగా, వీడియో కాల్‌లో, మీరంతా పక్క గదిలో ఉండగా.

"నా భార్య విజయవాడలో డెంటిస్టు. క్లినిక్ మూసేసి నాతో వచ్చింది. ఇక్కడ ఆల్ఫరెట్టాలో రోజంతా ఇంట్లోనే. సాయంత్రం వచ్చేసరికి కళ్లు ఉబ్బి ఉంటాయి. అడిగింది ప్రతిదీ కొనిస్తున్నాను. నేనేం తక్కువ చేశాను?"
— ఒక భర్త, జార్జియా

తక్కువ చేశారని ఆమె అందా, మీరే అనుకుంటున్నారా తమ్ముడూ? నిన్నటిదాకా తన డబ్బుతో తను కొనుక్కున్న మనిషికి ఇవాళ 'కొనిస్తున్నాను' అన్న మాటే గుచ్చుకుంటుంది.

మీరు చేయగలిగింది, షాపింగ్ కన్నా పనికొచ్చేది ఒకటుంది. రేపే మీ హెచ్‌ఆర్‌ని అడగండి: నా గ్రీన్‌కార్డుకి పెర్మ్ (కార్మిక శాఖ ఇచ్చే తొలి అనుమతి) ఎప్పుడు మొదలుపెడతారు? పెర్మ్ అయితేనే ఐ-140, ఐ-140 అయితేనే ఆమెకి వర్క్ పర్మిట్. పెర్మ్‌కే ఏడాది పైన పడుతున్న రోజులివి, కాబట్టి మీరు మొహమాటపడి ఆగిన ప్రతి నెలా ఆమె ఇంట్లో కూర్చునే నెల. పర్మిట్ వచ్చాక రెన్యువల్ విషయంలో జాగ్రత్త. 2025 అక్టోబరు 30 నుంచి వేసే రెన్యువల్స్‌కి ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు. గడువుకి 180 రోజుల ముందు నుంచే వేసుకోవచ్చు, ఆ రోజునే వేయండి.

ఆమె చదువు సంగతి. మన బీడీఎస్‌తో ఇక్కడ నేరుగా ప్రాక్టీసు పెట్టడం దాదాపు కుదరదు. ఐఎన్‌బీడీఈ అనే డెంటిస్టుల పరీక్ష రాసి, విదేశీ డెంటిస్టుల కోసం డెంటల్ కాలేజీలు నడిపే రెండు మూడేళ్ల కోర్సులో సీటు తెచ్చుకోవాలి. ఫీజు చూస్తే గుండె గుభేలుమంటుంది. కానీ చదవడానికి హెచ్4 అడ్డు కాదు, పరీక్షకి తయారవడానికి ఎవరి పర్మిటూ అక్కర్లేదు. ఆ దారి తనకి కావాలో వద్దో తను తేల్చుకోవాలి, మీరు యూట్యూబ్ చూసి నిర్ణయించకండి. ఏడుపు వారాల తరబడి తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మీ ఇన్సూరెన్స్‌లో తనూ ఉంటుంది కదా, డిప్రెషన్‌కి మందు ఉంది.

"తమ్ముడి పెళ్లికని రిటర్న్ టికెట్టుతో ఇండియా పంపారు. బయల్దేరే ముందు రోజు టికెట్ క్యాన్సిల్ అయినట్టు మెసేజ్ వచ్చింది. అప్పటినుంచి ఆయన నా నంబరు బ్లాక్ చేశారు. ఇప్పుడు టెక్సాస్ కోర్టు విడాకుల కాగితాలు ఈమెయిల్‌లో వచ్చాయి. వాటితో ఒక పేజీ, నోటరీ దగ్గర సంతకం పెట్టి పంపమని. 'సంతకం పెడితే అంతా మర్యాదగా సెటిల్ చేస్తాం, లేకపోతే ఏమీ రాదు' అని అత్తగారు ఫోన్ చేశారు. నా సర్టిఫికెట్లు, బట్టలు అన్నీ అక్కడే ఉన్నాయి."
— గుంటూరు

ఆ పేజీ మీద సంతకం పెట్టకండి. ముందు అది గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

అది ఎక్కువగా 'వేవర్ ఆఫ్ సర్వీస్' అయి ఉంటుంది. నాకు కోర్టు వాళ్లు పద్ధతి ప్రకారం నోటీసు అందించనక్కర్లేదు అని మీరే రాసిచ్చే కాగితం. కొన్నిటిలో ఇకముందు జరిగేవాటికి కూడా నాకు కబురు అక్కర్లేదని ఉంటుంది. టెక్సాస్‌లో మామూలుగా విడాకులు దాఖలు చేశాక కనీసం 60 రోజులు ఆగాలి. మీ సంతకం చేతిలో ఉంటే ఆ 60 రోజులు దాటగానే ఆయన పని సులువైపోతుంది. ఎవరికి సులువు చేయడానికి అత్తగారు ఫోన్ చేశారో చూశారా?

ఇప్పుడు మన దేశం వైపు. 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు మీలాంటివాళ్లకి పెద్ద అండ. అందులో పెళ్లి జరిగింది తిరుపతిలో. భర్త మిస్సోరీ రాష్ట్రంలో విడాకులు తెచ్చుకుని, యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆ మిస్సోరీ విడాకులు ఇక్కడ చెల్లవని కోర్టు చెప్పింది. హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో, భార్య ఒప్పుకోకుండా, ఆమె నిజంగా హాజరై వాదించుకునే అవకాశం లేకుండా పరాయి దేశపు కోర్టు ఇచ్చిన డిక్రీకి ఇక్కడ విలువ లేదన్నది దాని సారం. అయితే అందులోనే మెలిక ఉంది. మీరు ఇష్టపడి ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకుంటే, లేదా విడాకులకి సమ్మతిస్తే, ఆ డిక్రీ ఇక్కడా చెల్లవచ్చు. అంటే మీ సంతకం ఆయనకి రెండు దేశాల్లోనూ పనికొస్తుంది.

అలాగని కాగితాలు చూడనట్టు ఊరుకోకండి. చట్టప్రకారం నోటీసు అందితే, అందిన 20 రోజుల తర్వాత వచ్చే సోమవారం ఉదయం 10 గంటల లోపు జవాబు వేయాలని టెక్సాస్ నిబంధన. వేయకపోతే ఆస్తి పంపకం కూడా ఏకపక్షంగా తేల్చేస్తారు. ఈమెయిల్‌లో వచ్చింది నోటీసు కిందికి వస్తుందా లేదా, జవాబు వేస్తే ఇండియాలో మీ హక్కు ఏమవుతుంది అన్నవి ఒకరు చెప్పగలిగేవి కావు. గుంటూరులో ఒక ఫ్యామిలీ లాయర్, టెక్సాస్‌లో ఒకరు, ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. ఖర్చు గురించి భయపడుతుంటారు. వదిలేయబడిన భార్యల న్యాయ సహాయానికి ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ నుంచి సాయం చేసే వీలుంది, హ్యూస్టన్‌లోని మన కాన్సులేట్‌కి రాయండి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్నారై పెళ్లిళ్ల కోసం 2009 నుంచి విడిగా ఒక సెల్ ఉంది, అక్కడా పెట్టండి. ఒకచోట జవాబు ఆలస్యమైనా ఇంకోచోట కదులుతుంది.

మీ హెచ్4 స్టాంపింగ్ ఇంకా ఉన్నా, ఆయన రద్దు చేయించే ప్రయత్నం చేసి ఉండొచ్చు. టికెట్ కొనేముందు లాయర్‌తో చూపించుకోండి. విచారణకి జూమ్‌లో హాజరు కావడానికి అనుమతి అడగొచ్చు. ఇక్కడ కేసు పెట్టాలనుకుంటే, పుట్టింటికి చేరిన భార్య అక్కడే ఫిర్యాదు చేయొచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది, మీరు అత్తవారి ఊళ్లోని స్టేషన్‌కి తిరగనక్కర్లేదు. భార్యని హింసించడం మీద ఉన్న పాత 498ఎ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఒకసారి పెట్టాక బేరసారాల తీరు మారిపోతుంది, అది తెలిసే దిగండి. కోపంలో పెట్టకండి, పెట్టకూడదని మొహమాటపడీ ఆగకండి.

టికెట్ క్యాన్సిల్ మెసేజ్, బ్లాక్ అయిన చాట్లు, ఈమెయిల్ అన్నీ అలాగే ఉంచండి. అత్తగారు ఫోన్ చేసిన తేదీ, అన్న మాటలు రాసిపెట్టండి. డిగ్రీ సర్టిఫికెట్లు ఆయన పంపుతాడని చూడొద్దు, యూనివర్సిటీలో డూప్లికేట్లకి ఈ వారమే అర్జీ పెట్టండి. ఉద్యోగం వెతకడానికి అవి కావాలి, కేసు తేలేదాకా ఉద్యోగం ఆగదు.

"మా కోడలు అమెరికా వెళ్లి ఆరు నెలలు తిరక్కుండానే కారు నేర్చుకుంది. ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్తోంది. మా వాడు గిన్నెలు తోముతున్నాడు, వీడియో కాల్‌లో నా కళ్లతో చూశాను. వచ్చే నెల మేం వెళ్తున్నాం. ఆ వారం అబ్బాయికి ఆఫీసులో ఏదో రిలీజ్ ఉందట, సెలవు దొరకదట. మీలాంటివాళ్లు పనిగట్టుకుని డ్రైవింగులు నేర్పి సంసారాలు ఇలా చేస్తున్నారు."
— ఒక అత్తగారు, భీమవరం

వదినగారూ, గిన్నెలు తోమడం నేను నేర్పలేదు, అది మీ అబ్బాయి సొంతంగా నేర్చుకున్నదే.

అబ్బాయికి సెలవు దొరకదని మీరే రాశారు. మీరు దిగాక ఇమిగ్రేషన్‌లో ఒక గంట, సామాను దగ్గర ఒక గంట. పచ్చళ్ల అట్టపెట్టెలతో, మోకాళ్ల నొప్పులతో మీరు బయటికొచ్చేసరికి ఎయిర్‌పోర్టులో కారుతో ఎవరుంటారో ఒకసారి కనుక్కుని రాయండి. వచ్చే సంచికలో వేస్తాను.